గాలి బావి

మార్చి వచ్చినా పిస్పాలా గుట్ట మీద మంచు కదల్లేదు.
బూట్లు గుమ్మంలో విడిచి, ఉన్ని మేజోళ్ళతో లోపలికి వెళ్ళాను.
కింది అంతస్తు ఆల్పోది, పైది సైమాది.
తోబుట్టువులు. ఇద్దరికీ డెబ్భై దాటాయి.
మెట్ల మీద ప్లైవుడ్ తలుపు,
దానికి రెండు వైపులా గడియలు.

చలికాలమంతా బీరువా మీద కూర్చున్న నల్లటి డబ్బీ,
అగ్గిపెట్టెలో సగం ఉండదు,
అది చెప్పిన సంఖ్య నా కాగితం మీద ఉంది:
పద్దెనిమిది వందల నలభై.
"దేన్ని లెక్కపెట్టింది?" అన్నాడు ఆల్పో.
మీ గాలిలో చస్తున్న అణువుల్ని, అన్నాను,
ఒక్కో ఘనపు మీటరులో, ఒక్కో సెకనుకి.
ఆయన చేత్తో గాలిని ఒకసారి విసిరి చూశాడు
దోమని తోలినట్టు.

పేరు రేడాన్. రంగు లేదు.
ముక్కుకి చిక్కదు, కంటికి ఆనదు.
చాప కింద నీరంటారే,
ఇది చాప కింద గాలి.
ఈ గుట్టంతా మంచుగడ్డలు ఈడ్చుకొచ్చి పోసిపోయిన గులకరాళ్ళు,
ఆ సందుల్లో నేల ఊపిరి తీస్తుంది.
ఇంట్లో పొయ్యి వెలిగితే వెచ్చని గాలి పైకి పోతుంది.
ఖాళీ అయిన చోటికి
నేల తనది పంపిస్తుంది.

టార్చితో మోకాళ్ళ మీద పాకాను.
స్నానాల గదిలో గచ్చుకీ గోడకీ మధ్య వెంట్రుకవాసి చీలిక.
నీళ్ళ గొట్టం దిగేచోట పిడికిలి పట్టే కంత,
అందులో కుక్కిన పాత తువ్వాలు.
ఆవిరిగది బల్ల కింద తూము, మూత వదులు.
బంగాళాదుంపల కొట్టుకైతే గచ్చే లేదు,
ఇసుక, చెక్కపెట్టె, మొలకలెత్తిన దుంపలు.
కిటికీలన్నిటికీ మాత్రం నురుగు పట్టీలు.
"నేనే అతికించాను. ఒక్క పోగు చలి రాదు."
రాదు, నిజమే. పోవాల్సిందీ పోదు.
ఆ మాట అనలేదు. రాసుకున్నాను.

పొగ పుల్ల వెలిగించాను.
సన్నటి దారం చీలిక దగ్గర వణికి, గదిలోకి వంగింది.
పిల్లి వెంట నడిచినట్టు దాని వెంట నడిచాను.
వంటగది దాటి, మెట్లెక్కి,
ప్లైవుడ్ తలుపు ముందు ఒక్క క్షణం ఆలోచించి,
గడియల్ని పట్టించుకోకుండా
కింది సందులోంచి దూరిపోయింది.

అవతల సైమా గొంతు: "ఏదో కాలుతోంది!"
ఆల్పో నాతో: "ఏదీ కాలడం లేదని ఆవిడకి చెప్పండి."
పదకొండేళ్ళుగా ఇంతేనట. ఉత్తరాల డబ్బాలూ రెండు.
తల్లి పోయాక, ఏదో పడవ అమ్మకం దగ్గర...
నేను అడగలేదు.
నా ఫారంలో దానికి చోటు లేదు.

పై డబ్బీ చెప్పింది తొమ్మిది వందల పది.
సైమా కాగితాన్ని చాలాసేపు చూసింది.
"ఇది నాదా, వాడి దగ్గర్నుంచి వచ్చిందా?"
నేలది, అన్నాను. దారి మాత్రం ఆయన గదే.
"రాత్రిళ్ళు దగ్గుతాడు. గొట్టంలో వినిపిస్తుంది,"
అంది, కిటికీతో చెప్తున్నట్టు.

తర్వాత బయట, మోకాలి లోతు మంచులో, కొలత టేపు.
బావి తవ్వాలి. నీళ్ళకి కాదు.
నాలుగు మీటర్ల లోతు, మూతలో ఒక ఫ్యాను,
ఇంటి కిందికి చేరకముందే గుట్ట ఊపిరిని
పక్కకి తోడి పారేసే బావి.
రెండు అంతస్తులకీ ఒక్కటి చాలు.
సంతకాలే రెండు కావాలి.

ఎర్ర కర్ర గుచ్చాను.
"అక్కడ వద్దు!"
ఇద్దరూ ఒక్కసారే,
కింది గుమ్మంలోంచి ఆయన, పై కిటికీలోంచి ఆమె.
మంచు కింద గూస్‌బెర్రీ పొద ఉందట.
"అమ్మ నాటింది," అంది సైమా.
"నాటింది నేను. అమ్మ చోటు చూపించింది."
"నువ్వు పార తెచ్చావు, అంతే."
"పార లేకుండా ఎలా నాటుతారు?"

కర్రని రెండు మీటర్లు జరిపాను.
వాళ్ళు చూడలేదు.
పొద ఏ ఏడు మొదట కాసిందన్న దగ్గరికి వచ్చింది మాట.
కిటికీ బార్లా తెరిచి ఉంది,
కింది తలుపూ తెరిచే ఉంది,
వేడంతా బయటికి పోతోందని
ఎవరికీ గుర్తు రాలేదు.
వేళ్ళు కొంకర్లు పోతున్నా
ఫారం మడవకుండా నిలబడ్డాను.